వెనక షాక్‌లో రెండు గాలి గదులు: సెట్టింగు, సర్వీసు, తరచూ జరిగే తప్పులు

మౌంటెన్ బైకు, అంటే కొండదారుల సైకిలు, వెనక షాక్‌కు బయట కనిపించే వాల్వు ఒక్కటే. అందుకే లోపల గాలి కూడా ఒకే చోట ఉంటుందనుకుంటారు చాలామంది. అసలు గదులు రెండు. వాల్వు వైపు ఉన్న పెద్ద గదిని పాజిటివ్ అంటారు. పిస్టన్ సీలుకు అవతల, షాక్ కింది కొసన ఉన్న చిన్న గది నెగటివ్. మొదటిది షాక్‌ను చాచి ఉంచడానికి తోస్తుంది, రెండోది లోపలికి తోస్తుంది. ఈ రెంటికీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క రబ్బరు సీలు. గాలి ఎంత కొట్టాలి, సాగ్ (రైడర్ బరువుకు షాక్ కుంగే దూరం) ఎందుకు రోజుకో రకంగా చూపిస్తోంది, షాక్ ఎందుకు పైకి లేవడం లేదు అనే ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి జవాబు ఆ సీలు దగ్గరే దొరుకుతుంది.

నెగటివ్ గది లేకపోతే ఏమవుతుందో చూద్దాం. 160 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) గాలి పూర్తిగా చాచిన షాక్‌ను గట్టిగా బిగబట్టి ఉంచుతుంది. చిన్న గులకరాయి మీదికి చక్రం ఎక్కితే ఆ కాస్త దెబ్బ ఆ బిగువును దాటలేదు, షాక్ కదలదు, అదురు నేరుగా సీటుకు తగులుతుంది. నెగటివ్ గదిలోనూ అంతే ఒత్తిడి ఉంటే రెండు తోపులూ చాచిన స్థితిలో దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అప్పుడు షాక్ వేలితో నొక్కినట్టు మెత్తగా కదలడం మొదలుపెడుతుంది. షాక్ తయారీ కంపెనీల్లో ఫాక్స్ వాళ్ల ఈవోల్ స్లీవు (గాలి ఉండే బయటి గొట్టం), రాక్‌షాక్స్ వాళ్ల డెబొనెయిర్ క్యాన్ చేసిన పని ప్రధానంగా ఇదే. నెగటివ్ గదిని పెద్దది చేశాయి.

రెండు గదులకూ గాలి ఒకే వాల్వు నుంచి ఎలా వెళుతుంది? స్లీవు లోపలి గోడ మీద ఒక చోట చిన్న గుంట ఉంటుంది. పిస్టన్ సీలు సరిగ్గా ఆ గుంట మీదుగా వెళ్లే క్షణంలో, సీలు పక్కనుంచి గాలి ఒక గది నుంచి ఇంకో గదికి జారి ఒత్తిడి సమానమవుతుంది. ఆ గుంట చాచిన స్థితికి కొద్ది మిల్లీమీటర్ల లోపలే ఉంటుంది. అంటే షాక్ చాచి ఉన్నప్పుడు పంపు కొడితే గాలి నిండేది పాజిటివ్ గదిలోనే. షాక్‌ను కాస్త నొక్కి వదిలితేనే రెండో గదికి అందుతుంది. ఈ ఒక్క సంగతి తెలియకనే ఎంతోమంది 200 పీఎస్ఐ కొట్టి, రెండు గుంతలు దాటేసరికి 170కి పడిపోయిందని సీళ్లను అనుమానిస్తారు. గాలి ఎక్కడికీ పోలేదు, పక్క గదిలోకి వెళ్లిందంతే.

గాలి నింపే పద్ధతి

టైరు పంపు దీనికి పనికిరాదు. ఒక్క దెబ్బకు అది తోసే గాలి షాక్ గదికి చాలా ఎక్కువ, పైగా ఈ ఒత్తిడిని అందుకోలేదు. కావలసింది సన్నని గొట్టం, మరలున్న మూతి, కనీసం 300 పీఎస్ఐ చూపే మీటరు ఉన్న షాక్ పంపు. షాక్ మీద గరిష్ఠ ఒత్తిడి రాసి ఉంటుంది. ఫాక్స్ ఫ్లోట్ డీపీఎస్‌కు అది 350 పీఎస్ఐ. మరో మోడల్‌కు తక్కువే ఉండవచ్చు కాబట్టి స్టిక్కరు చదవకుండా పంపు పట్టుకోకూడదు.

మొదటి అంచనా సులువు. రైడింగు బట్టలు, హెల్మెట్, నీళ్ల బ్యాగుతో సహా బరువు తూచుకుని దాన్ని పౌండ్లలోకి మార్చుకోవాలి. ఆ అంకెనే పీఎస్ఐగా తీసుకోవాలి. 75 కిలోలైతే 2.2తో గుణించి 165. ఇది ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పే అంకె, ఎక్కడ ఆగాలో చెప్పేది కాదు. ఫ్రేము లీవరేజ్ ఎక్కువైతే ఇంకా ఎక్కువ గాలి కావాలి. లీవరేజ్ అంటే చక్రం కదిలే దూరాన్ని (ట్రావెల్) షాక్ కుంగగల మొత్తం దూరంతో, అంటే స్ట్రోక్‌తో భాగించగా వచ్చేది. 140 మి.మీ. ట్రావెల్ ఉన్న బైకులో 210×50 షాక్ (నిడివి 210, స్ట్రోక్ 50 మి.మీ.) ఉంటే 140ని 50తో భాగించాలి, 2.8 వస్తుంది. చక్రం మీద పడే బరువుకు దాదాపు 2.8 రెట్లు షాక్ మీద పడుతుందన్నమాట. ఇదే 3కు పైగా ఉన్న ఫ్రేములో బరువు అంకె సరిపోదు.

ముందు 50 పీఎస్ఐ కొట్టాలి. పంపు తీయకుండానే సీటు మీద చేతులు ఆనించి షాక్‌ను నిదానంగా, పావు వంతు స్ట్రోక్ దాకా పదిసార్లు నొక్కి వదలాలి. మీటరు ముల్లు కిందికి దిగడం కనిపిస్తుంది. నెగటివ్ గది నిండుతోందనడానికి అదే గుర్తు. తర్వాత 100, మళ్లీ పది నొక్కులు. 150, మళ్లీ పది. చివరికి 165. ఆఖరి నొక్కుల తర్వాత ముల్లు దిగితే మళ్లీ 165కు తెచ్చి ఇంకోసారి నొక్కాలి. దిగకపోతే రెండు గదులూ సమానమైనట్టు.

పంపు విప్పేటప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దానికి కంగారు పడక్కర్లేదు. మూతి మరలు వదులయ్యేసరికే షాక్ వాల్వు మూసుకుంటుంది. బయటికి పోయేది గొట్టంలోని గాలి మాత్రమే. మర్నాడు పంపు మళ్లీ తగిలిస్తే నిన్నటికంటే పది పీఎస్ఐ దాకా తక్కువ చూపడానికి కారణమూ ఆ గొట్టమే. షాక్‌లోంచి కొంత గాలి ఖాళీ గొట్టాన్ని నింపుతుంది, ఆ తర్వాతే ముల్లు అంకె చూపుతుంది. దాన్ని లీకు అనుకుని రోజూ కొంచెం కొట్టేవాళ్లుంటారు. తగిలించిన ప్రతిసారీ పోయిన మేరకు నింపి తీసేయడం తప్ప దీనికి మందు లేదు. రెండు పంపుల మీటర్లు కచ్చితంగా ఒకే మాట చెప్పవు కాబట్టి ఎప్పుడూ ఒకే పంపు వాడాలి.

గాలి తీయడంలోనూ ఇదే మెలకువ అవసరం. వాల్వు పిన్నును ఒక్కసారిగా నొక్కి పట్టుకుంటే పాజిటివ్ గది ఖాళీ అయిపోతుంది, నెగటివ్ గదిలో గాలి అలాగే చిక్కుకుంటుంది. అప్పుడు షాక్ తనంతట తాను లోపలికి పీక్కుంటుంది. నిదానంగా, ఆగి ఆగి వదిలితే రెండో గది గాలి కూడా గుంట దారిన తిరిగొచ్చి వాల్వులోంచి వెళ్లిపోతుంది. తొందరలో పీక్కుపోయిందా, మళ్లీ గాలి కొట్టి షాక్‌ను పూర్తిగా చాచాలి. ఆ తర్వాత నెమ్మదిగా వదలాలి.

సాగ్: పంపు కంటే ఓరింగు మాటే నమ్మాలి

రైడర్ ఎక్కినప్పుడు ఆ బరువుకే షాక్ కుంగే దూరం సాగ్. మీటరు అంకె కంటే దీన్నే నమ్మాలి, ఎందుకంటే మీటరు తప్పినా షాక్ మెరిసే భాగం మీద జారే రబ్బరు ఓరింగు తప్పదు. క్రాస్ కంట్రీ బైకుకు స్ట్రోక్‌లో 20 నుంచి 25 శాతం, ట్రెయిల్ బైకుకు 25 నుంచి 30, రాళ్ల దిగుళ్ల కోసమైన ఎండ్యూరో బైకుకు 30 దగ్గర అన్నది మామూలు లెక్క. 50 మి.మీ. స్ట్రోక్‌లో 30 శాతమంటే 15 మి.మీ. కొలిచేది షాక్ మీద కనిపించే మెరిసే భాగంలోనే. షాక్ నిడివి 210తోనో, చక్రం ట్రావెల్ 140తోనో ఈ శాతాన్ని లెక్కిస్తే మొత్తం తప్పుతుంది.

షాక్ కుంగే వేగాన్ని అదుపు చేసే నీలం లీవరు పూర్తిగా ఓపెన్‌లో ఉండాలి. సమతలం మీద గోడకు మోచెయ్యి ఆనించి బైకెక్కి, పెడళ్ల మీద నిలబడి రెండుసార్లు ఊగి కదలకుండా ఆగాలి. ఇంకొకరు ఓరింగును స్లీవు మూతికి ఆనేదాకా జరపాలి. బ్రేకు పట్టకుండా, ఊగకుండా, మెత్తగా దిగి, స్లీవు మూతి నుంచి ఓరింగు దాకా స్కేలుతో కొలవాలి. కూర్చుని కొలిస్తే వెనక బరువు ఎక్కువై సాగ్ ఎక్కువ వస్తుంది. కూర్చునే కొలిచినా తప్పులేదు, కానీ ఎప్పుడూ ఒకే పద్ధతి పాటించాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోవడం మంచిది.

165 పీఎస్ఐకి 17 మి.మీ. వచ్చిందనుకుందాం. కావలసింది 15. ఈ ప్రాంతంలో 5 పీఎస్ఐకి సుమారు అర మిల్లీమీటరు మారుతుంది కాబట్టి ఇంకో 20 కొట్టి, పది నొక్కులు నొక్కి మళ్లీ కొలవాలి. 185 దగ్గర సరిపోవచ్చు. ఫోనులో రాసుకోవలసిన అంకెలు రెండు, పీఎస్ఐ, దానికి వచ్చిన సాగ్. ఒకటి రాసి ఇంకొకటి వదిలేస్తే ఏదో ఒకరోజు అయోమయం తప్పదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఇప్పటి ట్రెయిల్ ఫ్రేముల్లో లీవరేజ్ మొదట ఎక్కువగా ఉండి చివరికి తగ్గుతుంది. 3.1 నుంచి 2.5కు సమంగా దిగే ఫ్రేములో షాక్ 30 శాతం కుంగితే చక్రం తన ట్రావెల్‌లో 32 శాతం పైకొస్తుంది. అందుకే ఫ్రేము తయారీదారు చెప్పిన సాగ్ షాక్ దగ్గరిదా చక్రం దగ్గరిదా అన్నది చూసుకోవాలి.

ఎండకు ఈ అంకెలు కదులుతాయి. హైదరాబాద్‌లో మే నెల తెల్లవారుజామున 27 డిగ్రీల దగ్గర 165 కొట్టిన షాక్ మధ్యాహ్నం 42 డిగ్రీలకు చేరితే ఒత్తిడి సుమారు 174 అవుతుంది. గాలి ఒత్తిడి పరమ ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుంది, 300 నుంచి 315 కెల్విన్‌కు అంటే 5 శాతం. వాతావరణ ఒత్తిడితో కలిపి లెక్కిస్తే 9 పీఎస్ఐ తేడా. సాగ్ దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలోంచి తీసిన బైకుకు అప్పటికప్పుడు సాగ్ సెట్ చేయడం అందుకే వృథా. డెన్వర్ చలికాలంలో గ్యారేజీలో సెట్ చేసి సున్నా డిగ్రీల్లో బయటికి వెళ్లేవాళ్లకు ఇది తిరగబడి, షాక్ మెత్తబడుతుంది. ఏ వేడిలో రైడ్ చేస్తారో ఆ వేడిలోనే కొలవాలి.

రీబౌండ్, కంప్రెషన్

షాక్‌లో స్ప్రింగు పని గాలిది. ఆ స్ప్రింగు ఎంత వేగంగా కుంగాలి, ఎంత వేగంగా లేవాలి అన్నది చూసేది నూనెతో నిండిన డ్యాంపరు. ఎర్ర నాబ్ రీబౌండ్, అంటే లేచే వేగం. నీలం లీవరు కంప్రెషన్, అంటే కుంగే వేగం.

సాగ్ కుదిరాకే రీబౌండ్ ముట్టుకోవాలి. గాలి పెంచితే స్ప్రింగు తోపు పెరుగుతుంది, దాన్ని అదుపు చేయడానికి రీబౌండ్ ఇంకా బిగించాలి. బరువైన రైడరుకు తక్కువ క్లిక్కులు, తేలికైన రైడరుకు ఎక్కువ క్లిక్కులు అని తయారీదారు పట్టికలు చెప్పేది ఇదే. క్లిక్కులను ఎప్పుడూ పూర్తిగా మూసిన చోటు నుంచి లెక్కపెట్టాలి. గడియారం తిరిగే వైపు ఆగేదాకా తిప్పి, అక్కడినుంచి వెనక్కి ఒకటి, రెండు అని. బలవంతంగా బిగిస్తే లోపలి సూది మొన పాడవుతుంది.

పరీక్షకు పేవ్‌మెంటు అంచు చాలు. సీటు మీద కూర్చునే నిదానంగా దాని మీంచి దిగాలి. వెనక భాగం ఒక్కసారి లేచి కుదురుకుంటే సరి. రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ వేగం ఎక్కువ, ఒక క్లిక్కు మూయాలి. లేవడానికే బద్ధకించి జిడ్డుగా కదిలితే ఒక క్లిక్కు తెరవాలి. దారిలో నెమ్మది రీబౌండ్ కనిపించకుండా నష్టం చేస్తుంది. వరసగా పది రాళ్లున్న చోట మొదటి రాయికి కుంగిన షాక్ రెండో రాయి వచ్చేసరికి పూర్తిగా లేవదు, మూడోదానికి ఇంకా దిగుతుంది, చివరికి ట్రావెల్ మిగలక బండరాయిలా కొడుతుంది. రైడర్లు దాన్ని గాలి ఎక్కువైన గట్టిదనం అనుకుని గాలి తగ్గిస్తారు, ఇంకా దిగజారుతుంది. వరస రాళ్ల దారిలో షాక్ గట్టిగా అనిపిస్తే గాలి తీసేముందు రీబౌండ్ రెండు క్లిక్కులు తెరిచి చూడడం అన్నివిధాలా మేలు.

లీవరు ఫర్మ్‌లో (షాక్‌ను గట్టిగా బిగించే స్థానంలో) ఉంచి రాళ్ల దిగుడు దిగకూడదు. అది తారు రోడ్డు ఎక్కుడు కోసం పెట్టినది.

స్పేసర్లు ఎప్పుడు

సాగ్ సరిగ్గానే ఉంది, అయినా ప్రతి చిన్న దూకుడుకూ ఓరింగు కొస దాకా వెళుతోంది. ఇక్కడ గాలి పెంచితే సాగ్ పాడవుతుంది. పాజిటివ్ గదిలో ప్లాస్టిక్ స్పేసరు పెట్టి గదిని చిన్నది చేయాలి. ఒక ఊహా లెక్క చూద్దాం. గది పరిమాణం 100 పాళ్లనుకుంటే, పూర్తిగా కుంగినప్పుడు 35 మిగులుతుంది. ఒత్తిడి సుమారు 2.9 రెట్లయింది. 10 పాళ్ల స్పేసరు పెడితే 90 నుంచి 25కు వస్తుంది, 3.6 రెట్లు. మొదట్లో తేడా తెలియనంత తక్కువ, చివర్లో బోలెడు. అందుకే స్పేసరు పెట్టాక సాగ్ దాదాపు కదలదు, చివరి మూడో వంతు మాత్రం గట్టిపడుతుంది.

దీనికి విరుద్ధంగా, పెద్ద దూకుళ్లకు కూడా చివరి 8 మి.మీ. ఎన్నడూ వాడకపోతే ఉన్న స్పేసరును చిన్నది చేయాలి. ఒక రైడులో ఒకటి రెండుసార్లు మెత్తగా కొస తగలడం తప్పుకాదు, ఉన్న ట్రావెల్ అంతా వాడుకోవడానికే కదా.

ఎయిర్ స్లీవు సర్వీసు

రాక్‌షాక్స్ ఎయిర్ క్యాన్ సర్వీసుకు 50 గంటలు, డ్యాంపరుకు 200 గంటలు అంటుంది. ఫాక్స్ పూర్తి సర్వీసుకు 125 గంటలు లేదా ఏడాది అంటుంది. ఇవి రైడ్ చేసిన గంటలు. వారానికి నాలుగు గంటలు తొక్కేవారికి 50 గంటలు మూడు నెలల్లో వచ్చేస్తాయి. వికారాబాద్ అనంతగిరి వైపు వేసవి ఎర్ర దుమ్ములో, తర్వాత వానాకాలపు బురదలో తిరిగే బైకుకు ఈ గడువు దాటనివ్వకూడదు. ఆ మట్టి పిండిలా మెత్తనిది. స్లీవు మూతి దగ్గర దుమ్ము తుడిచే వైపరు సీలు కింద చేరి, ప్రతి కదలికకూ గరుకు కాగితంలా రుద్దుతుంది. రైడ్ అయ్యాక మెత్తని గుడ్డతో ఆ మెరిసే భాగాన్ని తుడవడం అరనిమిషం పని. దాన్ని మించిన సర్వీసు లేదు. ప్రెషర్ వాషర్ నీళ్లు మాత్రం ఆ సీలు వైపు చూపించకూడదు.

స్లీవు సర్వీసు ఇంట్లో చేసుకోదగ్గదే. ఫాక్స్ ఫ్లోట్ డీపీఎస్‌ను ఉదాహరణగా తీసుకుంటే కావలసినవి ఆ మోడల్‌కు సరిపడే సీల్ కిట్, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూగు రాలని గుడ్డ, సస్పెన్షన్ గ్రీజు, ఫ్లోట్ ఫ్లూయిడ్ (గాలి గదిలో పోసే కందెన నూనె), ఎల్ కీలు, మెత్తని దవడలున్న బెంచి వైసు, ఒక పాత ట్యూబు ముక్క, సీళ్లు లేపడానికి ప్లాస్టిక్ పుల్ల. సూది, స్క్రూడ్రైవరు దగ్గర పెట్టుకోకపోవడమే క్షేమం. సీలు కూర్చునే గాడిలో ఒక్క గీత పడితే కొత్త సీలు కూడా గాలి ఆపలేదు.

ముందు పీఎస్ఐ, క్లిక్కులు రాసుకోవాలి. షాక్‌ను ఫ్రేము నుంచి విప్పి పైన తుడిచి, గాలిని పైన చెప్పినట్టు నిదానంగా తీసేయాలి. ఆ తర్వాత చేత్తో నొక్కి, మళ్లీ వాల్వు నొక్కి, ఏమీ మిగల్లేదని నిర్ధారించుకోవాలి. ఇక్కడ తొందరపడితే ప్రమాదం. గాలంతా తీశాక షాక్ చాచి ఉండాలి, లేదా చేత్తో లాగితే చాచుకోవాలి. కుంగిపోయి ఉండి, మళ్లీ గాలి కొట్టినా లేవకపోతే నెగటివ్ గదిలో ఒత్తిడి చిక్కుకుందని అర్థం. ఆ స్లీవును విప్పకూడదు. ఆఖరి మర వదిలిన క్షణంలో అది తుపాకీ గుండులా ఎగిరే అవకాశం ఉంది. దాన్ని సర్వీసు సెంటరుకే పంపాలి.

అంతా సవ్యంగా ఉంటే వాల్వు వైపు కన్నును (బోల్టు దూరే రంధ్రమున్న కొసను) వైసులో బిగించి, స్లీవుకు ట్యూబు ముక్క చుట్టి, చేత్తో గడియారం తిరిగే వైపుకు ఎదురుగా తిప్పాలి. మరలు వదిలాక స్లీవును కిందికి లాగితే రబ్బరులా వెనక్కి లాగినట్టుంటుంది. నెగటివ్ గది పెద్దదవుతూ శూన్యం ఏర్పడడం వల్ల అది. కొంచెం గట్టిగా లాగితే ఠప్పుమని వచ్చేస్తుంది. షాక్‌ను గుడ్డతో చుట్టి లాగితే వేళ్లకు దెబ్బ తగలదు. స్పేసరు మార్చడానికైతే మరలు విప్పి స్లీవును కాస్త కిందికి జరిపితే చాలు, పూర్తిగా లాగక్కర్లేదు.

ఇప్పుడు సీళ్లు కనిపిస్తాయి. డ్యాంపరు తలమీద పెద్ద పిస్టన్ సీలు, దానికి అటూ ఇటూ ఆసరా రింగులు. స్లీవు కింది మూతిలో బయటివైపు వైపరు, లోపల యూ ఆకారపు సీలు, బుష్ పట్టీ. వాల్వు వైపు మరల దగ్గర ఓరింగు. విప్పేముందు ఫోటో తీసుకోవడం తప్పనిసరి. యూ సీలు తెరిచి ఉన్న నోరు గాలి ఉన్న గది వైపే చూడాలి. గాలి ఆ పెదవులను గోడకు అదిమి మూస్తుంది. తిరగేసి పెడితే గాలి వాటిని ముడిచి బయటికి పోతుంది. కొత్త కిట్ వేశాక కూడా రాత్రికి రాత్రి గాలి పోవడానికి ఎక్కువగా కారణం ఇదే. వైపరు పెదవి బయటికి, దుమ్ము వచ్చే దిక్కుకు చూడాలి.

శుభ్రం చేయడానికి పెట్రోలు వాడకూడదు. మన మెకానిక్ షాపుల్లో ఏ భాగాన్నయినా పెట్రోలు డబ్బాలో ముంచడం అలవాటు. ఈ రబ్బరు దానికి ఉబ్బి, గాడిలో ఇమడకుండా పోతుంది. బేరింగుల గ్రీజు కూడా వద్దు. అది చిక్కగా ఉండి కదలికను బరువెక్కిస్తుంది, స్లీవు గోడ మీది చిన్న గుంటను పూడ్చేస్తుంది. గుంట పూడితే గదులు సమానం కావు, షాక్ మొదట్లోనే మొండికేస్తుంది.

తుడిచాక డ్యాంపరు మెరుపు భాగాన్ని వెలుతురులో తిప్పి చూడాలి. గోరు ఆనిస్తే తెలిసే గీత ఉంటే ఎన్ని సీళ్లు మార్చినా అక్కడినుంచి గాలి పోతూనే ఉంటుంది. కంటికి కనిపించినా గోరుకు తగలని మరకతో నష్టం లేదు. కొత్త సీళ్లకు గ్రీజు పలచగా, మెరిసేంత మాత్రమే పూసి కూర్చోబెట్టాలి. ఫ్లోట్ ఫ్లూయిడ్ ఆ మోడల్ పట్టికలో ఉన్నంతే పోయాలి. ఎక్కువ పోస్తే మేలు కాదు. నూనె కుంగదు కాబట్టి అది స్పేసరు లాగే గదిని తగ్గిస్తుంది, గుంట దారిన నెగటివ్ గదిలోకి కూడా చేరుతుంది. స్లీవును నేరుగా, వంకర లేకుండా ఎక్కించి చేత్తో బిగువుగా తిప్పితే చాలు, పానా అక్కర్లేదు.

బిగించాక బైకుకు తగిలించకుండానే గాలి కొట్టి, బకెట్టు నీళ్లలో ముంచి చూడాలి. వాల్వులోంచి బుడగ వస్తే పిన్ను వదులు. దాన్ని బిగించే చిన్న పనిముట్టు ఏ పంక్చర్ షాపులోనైనా ఉంటుంది, ఎందుకంటే ఇది మోటారు సైకిలు ట్యూబు వాల్వు రకమే. పిన్ను మార్చవలసివస్తే మాత్రం ఎక్కువ ఒత్తిడికి తయారైనదే వేయాలి. పై మరల దగ్గర బుడగలొస్తే అక్కడి ఓరింగు. కింది మూతి దగ్గరొస్తే యూ సీలు, లేదా డ్యాంపరు మీది గీత.

విప్పకుండానే జబ్బు పోల్చుకోవడం

బుడగలు బయటికి కనిపించే లీకు మంచి లీకు. పిస్టన్ సీలు లోపల లీకైతే బుడగ ఒక్కటీ రాదు. గట్టిగా కుంగిన ప్రతిసారీ పాజిటివ్ గదిలోని ఎక్కువ ఒత్తిడి గాలి సీలును దాటి నెగటివ్ గదిలోకి దూరుతుంది, తిరిగి రాదు. రైడు ముగిసేసరికి షాక్ పొట్టిబడి ఉంటుంది, పంపు అంకె మాత్రం బాగానే కనిపిస్తుంది. మొదటి దశలోనే గమనించి సీలు మారిస్తే సరి, వదిలేస్తే పైన చెప్పిన ప్రమాదకరమైన స్థితికి చేరుతుంది.

గాలి వదిలేటప్పుడు వాల్వులోంచి పాలలాంటి నురగ నూనె వస్తే డ్యాంపరు సీలు పోయినట్టు. లేచేటప్పుడు పచ్చుక్ పచ్చుక్ మనే చప్పుడు, దిశ మారే చోట కొద్దిపాటి ఖాళీ కదలిక ఉంటే నూనెలో గాలి కలిసింది. డ్యాంపరు లోపల నూనెను ఒత్తిపట్టి ఉంచడానికి ఇంకో తేలే పిస్టన్ వెనక నైట్రోజన్ వందల పీఎస్ఐతో ఉంటుంది. దాని దగ్గరికి ఇంట్లో వెళ్లకూడదు. ఆ పనికి నైట్రోజన్ నింపే యంత్రం, నూనెలో గాలి తీసే పద్ధతి తెలిసిన సర్వీసు సెంటరు కావాలి. మెరుపు భాగం మీద పలచని నూనె పొర మాత్రం రోగం కాదు. సీలు తడిగా ఉందనడానికి అది గుర్తు.

పూర్తిగా చాచేటప్పుడు టక్కుమంటే రీబౌండ్ బాగా తెరిచి ఉంది, లేదా నెగటివ్ గది నిండలేదు. పది నొక్కులు నొక్కి చూస్తే తేలిపోతుంది. అలా కాక, సీటు పట్టుకుని బైకును కొద్దిగా ఎత్తి దించినప్పుడు టక్కుమంటే లోపం షాక్‌లో కాదు, కన్నుల్లోని బుష్‌లో (బోల్టు చుట్టూ ఉండే అరిగే గొట్టంలో). షాక్ కన్ను దగ్గర వేలు ఆనించి ఇంకొకరిని ఎత్తమంటే ఆ వదులు వేలికి తెలుస్తుంది. ఎక్కువ షాక్‌లలో ఆ కన్ను 12.7 మి.మీ., అంటే అర అంగుళం. బుష్ చవక వస్తువే. వైసులో సరైన కొలత సాకెట్లతో పాతదాన్ని తోసి కొత్తదాన్ని నేరుగా నొక్కాలి, సుత్తి వద్దు. అరిగిన బుష్‌తో నెలల తరబడి తొక్కితే షాక్ పక్కకు ఒరుగుతూ నడిచి, స్లీవు లోపలి పట్టీని ఒకవైపే తినేస్తుంది. అప్పుడు వచ్చే బిల్లు బుష్‌ది కాదు, డ్యాంపరుది.

తిరిగి తగిలించేటప్పుడు బోల్టు బిగువు ఫ్రేము మీద రాసిన న్యూటన్ మీటర్ల ప్రకారమే ఉండాలి. మర మీద నీలం లాక్‌టైట్ (బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేస్తే చాలు. స్పేసరు మార్చినా, సీళ్లు మార్చినా పాత అంకెలే పెట్టి మొదటి రైడుకు వెళ్లాలి. కొత్త సీళ్లు మొదటి రెండు మూడు గంటలు కాస్త పట్టుగా ఉంటాయి, సాగ్ ఒక మిల్లీమీటరు తక్కువ చూపినా గాలి తీయకూడదు. అవి సర్దుకున్నాక, అదే పంపుతో, అదే వేళప్పుడు మళ్లీ కొలవాలి.